నీలం లైటు బావగారు

మా బావగారు రాత్రిపూట కారు తీశారంటే డ్యాష్‌బోర్డు మీద నీలం బొమ్మ వెలగాల్సిందే. వెలగకపోతే బండిలో ఏదో పాడైందని ఆయన అనుమానం. అది హైబీమ్ గుర్తండీ, ఎదురుగా బండి వస్తుంటే ఆర్పి, ఆకుపచ్చ గుర్తున్న లోబీమ్‌కి మారాలండీ అంటే వినరు. “ఆ ఆకుపచ్చది భయస్తుల లైటోయ్” అని కొట్టిపారేస్తారు.

ఇలాంటి బావగారు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. పగలు మహా మర్యాదస్తుడు. పెళ్లి భోజనాల్లో పక్క విస్తట్లో గారె పడిందో లేదో చూసిగానీ తను ముట్టడు. పొద్దుగూకి స్టీరింగ్ పట్టాడంటే మాత్రం ఎదుటివాడికీ కళ్లుంటాయన్న సంగతే గుర్తుండదు. లారీల వెనక పెయింటర్లు ఏళ్ల తరబడి రాస్తున్న ‘యూజ్ డిప్పర్ ఎట్ నైట్’ అన్న మాట ఆయన లెక్కలో ఏదో కంపెనీ ప్రకటన.

ఆయన కారుకి కంపెనీ బిగించిన హాలోజన్ బల్బులో రెండు ఫిలమెంట్లుండేవి. దూరానికి 60 వాట్లది, దగ్గరికి 55 వాట్లది. ఈ దగ్గరిదాని కింద దొన్నెలాంటి చిన్న రేకు ఉంటుంది. వెలుగు రిఫ్లెక్టర్ అడుగుభాగానికి తగిలి ఎదుటివాడి కళ్లలోకి లేవకుండా కాచేది అదే. బావగారు ఆ బల్బులు పీకించి, “మూడూళ్ల అవతలికి కనపడుద్ది సార్” అని షాపువాడు అంటగట్టిన ఎల్ఈడీలు పెట్టించారు. రిఫ్లెక్టర్ మాత్రం పాతదే. అది పాత ఫిలమెంటు ఉండే చోటు చూసి లెక్కగట్టి చేసింది. వెలుగు పుట్టే చోటు కాస్త జరిగినా ఎటుపడితే అటు విసురుతుంది.

ఓసారి సెల్లార్ గోడకెదురుగా కారు పెట్టించి లోబీమ్ వేయించాను. మనం ఎడమపక్క నడుపుతాం కాబట్టి, కుడివైపు వెలుగు గీత గీసినట్టు కిందే ఆగాలి. రోడ్డు వారన నడిచేవాళ్లు, బోర్డులు కనపడటానికి ఎడమవైపు కాస్త పైకి లేవాలి. బావగారిది గోడంతా ఎక్కేసి కప్పు దాకా పాకింది. “చూశావా, పైపు వెనక బల్లి కూడా కనపడుతోంది!” అని మురిసిపోయారు.

మొన్న సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వెళ్తుంటే, విజయవాడ హైవే డివైడర్ మీద గన్నేరు చెట్లు చూసి ఆయనకి చిరాకేసింది. ఎదురు లైట్లు కళ్లలో పడకుండా కూడా పనికొస్తాయండీ అన్నాను. “మన లైటు అవతలికి పోవట్లేదు కదా!” అన్నారు.

జగ్గయ్యపేట దగ్గర హైవే దిగాం. ఇక డివైడరూ లేదు, గన్నేరూ లేదు. ఎదురుగా లారీ డిప్పర్ కొట్టింది. “ఎవరో తెలిసినవాడల్లే ఉన్నాడు” అంటూ బావగారూ ఓసారి కొట్టి మళ్లీ హైబీమ్‌లోనే ఉంచారు. లారీ ఇంకోసారి కొట్టింది. “మర్యాద తెలిసినవాడోయ్” అన్నారు. మూడోసారి లారీవాడు తన హైబీమ్ పూర్తిగా తెరిచాడు. బావగారు మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని “వీడికి లైసెన్సు ఇచ్చిందెవడు!” అని కేకలు. అరవైలో పోయే బండి సెకనుకి 16 మీటర్లు దాటుతుంది; ఆయన కళ్లు తేరుకునేలోపు దాటిన రోడ్డు మీద ఏమున్నదీ మాలో ఎవరికీ తెలియదు. గేదెలు లేవు, అంతే.

తిరుగు ప్రయాణంలో తెల్లవారుజామున పొగమంచు పట్టింది. హైబీమ్ వేస్తే మంచు తుంపరలు వెలుగుని మన మొహం మీదికే తిప్పికొడతాయి. ముందు తెల్లటి గోడ తప్ప ఏమీ కనపడదు. “దించండి, దించండి” అని అక్క మొత్తుకుంది. బావగారు ముక్కు అద్దానికి ఆనించి, “వెలుగు చాలట్లేదే, బంపర్ మీద ఇంకో జత బిగించాలి” అన్నారు.

అక్క నా వైపు తిరిగింది. “ఒరేయ్, ఉగాదికి గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో సీట్లున్నాయేమో చూడు. నాకూ పిల్లలకీ. ఆయన్ని లైట్లేసుకుని వెనకాల రమ్మందాం.”