తొంభై మూడు ఊరు, తొంభై ఒకటి ఊరు

ముందు సీట్లో కూర్చున్నవాళ్ళు నా మీద కాళ్ళు చాపుకుని ప్రయాణం చేస్తారు. 2006 మోడల్ సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ కారులో, ప్రయాణికుడి కాళ్ళ దగ్గర కార్పెట్టు కింద నా కాపురం. పేరు ఈసీయూ. రెండున్నర లీటర్ల టర్బో ఇంజిన్‌కు ఎంత పెట్రోలు పోయాలో, స్పార్కు ఎప్పుడు వేయాలో చెప్పేది నేనే. లెక్కలు మాత్రం నావి కావు. ఇంజిన్ వేగం ఒక వైపు, దాని మీద భారం ఇంకో వైపు, రెండూ కలిసే గడిలో ఒక అంకె: ఇలాంటి పట్టికలు ఫ్యాక్టరీలోనే నింపి పంపారు. వీటినే మ్యాపులంటారు.

ఆ పట్టికలు కాస్త పిరికివి. కారు ఏ ఎండలో తిరుగుతుందో, ఏ కొండ ఎక్కుతుందో, ఎలాంటి పెట్రోలు తాగుతుందో రాసినవాళ్ళకు తెలియదు కదా.

ఈ కారు నడిపే మావాడిది ఒంగోలు. టెక్సాస్‌లో డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉద్యోగం. నన్ను సెకండ్ హ్యాండ్‌లో కొన్న నెలకే ఎయిర్ ఫిల్టర్ డబ్బా పీకి, మెరిసే వెడల్పాటి గొట్టం బిగించాడు. నా కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

గాలిని కొలిచేది ఒక వేడి తీగ. గాలి తగిలితే చల్లబడుతుంది. దాన్ని వేడిగా ఉంచడానికి ఎంత కరెంటు పట్టిందన్నదే నాకు అందే కబురు. గొట్టం వెడల్పైతే అదే గాలి నిదానంగా సాగుతుంది, తీగ అంతగా చల్లబడదు. 'గాలి తక్కువే వస్తోంది' అంటుంది. నేను నమ్మి పెట్రోలు తగ్గిస్తాను. మామూలుగా పోతుంటే పొగ గొట్టంలోని సెన్సారు ఆ పొరపాటు పట్టుకుంటుంది. యాక్సిలరేటర్ అడుక్కంటా తొక్కినప్పుడు మాత్రం దాని మాట పక్కన పెట్టమని నాకు ఆజ్ఞ.

"లాగుడు చూశావా బావా!" అన్నాడు మావాడు, పక్కనున్న గుంటూరు రూమ్మేటుతో. లాగుడు వాళ్ళకు వినిపించింది. నాకు వినిపించింది వేరు. ఇంజిన్ ఒంటికి బోల్టు వేసిన నాక్ సెన్సారు నా చెవి. మంట తన దారిన వ్యాపించేలోపే, మూలనున్న మిశ్రమం ఒత్తిడికీ వేడికీ తనంతట తానే పేలితే, బిందెలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు మోగుతుంది. అది వినగానే స్పార్కును నాలుగు డిగ్రీలు వెనక్కి లాగేవాణ్ణి. లేకపోతే పిస్టన్లు విరిగేవి.

ఫిబ్రవరిలో ఒక శనివారం నన్ను ట్యూనర్ దగ్గరికి తీసుకెళ్ళారు. మాటలు తక్కువ మనిషి. డ్యాష్‌బోర్డు కింద ఆకుపచ్చ కనెక్టర్లు రెండూ కలిపాడు, ల్యాప్‌టాప్ తగిలించాడు. పవర్ జోలికి పోతాడనుకున్నాను. సగం రోజు ఆ వేడి తీగ అబద్ధాన్ని సరిదిద్దడానికే సరిపోయింది. అతని మీద నాకు గౌరవం కలిగింది అప్పుడే. ఆ తర్వాత పెట్రోలు. మామూలుగా ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ళ గాలి. టర్బో నిండుగా ఊదుతుంటే పదకొండు దగ్గరికి దించాడు. ఆ ఎక్కువ పెట్రోలు మండడానికి కాదు, ఆవిరై లోపల చల్లబరచడానికి.

చివర టైమింగ్. ఆరువేల ఆర్‌పీఎం దగ్గర క్రాంకు ఒక్క మిల్లీసెకనులో 36 డిగ్రీలు తిరిగేస్తుంది. మంటకు అంత తొందర లేదు, అందుకే పిస్టన్ పైకి చేరకముందే స్పార్కు వేయాలి. మరీ ముందే వేస్తే, మనవైపు వస్తున్న ఉయ్యాలను ఎదురు తోసినట్టే. ఒక్కో డిగ్రీ పెంచాడు, టార్కు కొలిచే డైనో యంత్రం మీద ఫలితం చూశాడు. పెంచినా టార్కు పెరగని చోట ఆగి, రెండు డిగ్రీలు వెనక్కి వచ్చాడు.

"ఇంకా పెంచొచ్చుగా?" అన్నాడు మావాడు.

"అవి ఆగస్టుకి" అన్నాడు ట్యూనర్.

ఆ ఆగస్టు డల్లాస్ ఎండ నలభై డిగ్రీలు దాటింది. నా చెవికి ఒక్క గులకరాయి వినపడలేదు.

తర్వాత మావాడికి ఫ్రీమాంట్‌లో ఉద్యోగం వచ్చింది. ఆరిజోనా ఎడారి దాటి కాలిఫోర్నియాలో ట్యాంకు నింపాడు. ఊరు మారితే నీరు మారుతుందంటారు. నాకు మారింది పెట్రోలు. టెక్సాస్‌లో 93 ఆక్టేన్ తాగిన మ్యాపు నాది. ఇక్కడ బంకుల్లో ప్రీమియమన్నా 91, ఒత్తిడికి అంతగా ఆగదు. కొండ ఎక్కుతుంటే మళ్ళీ రాళ్ళ మోత. ఆగస్టు కోసం దాచిన రెండు డిగ్రీలూ అక్కడే ఖర్చయ్యాయి. ఇంకా వెనక్కి లాగాను.

"ఇదేంట్రా, బండి బద్ధకించింది!" అన్నాడు. నన్నంటే ఏం లాభం?

కొత్త రాష్ట్రంలో రిజిస్ట్రేషన్‌కు స్మాగ్ పరీక్ష, అంటే పొగ తనిఖీ, కావాలి. 2021 జూలై నుంచి ఆ పరీక్షలో నా సాఫ్ట్‌వేర్ కూడా చూస్తున్నారు. అనుమతి లేని మార్పు కనిపిస్తే ఫెయిల్. మనవాళ్ళు అట్టపెట్టె కూడా పారేయరు కదా, పాత ఫిల్టర్ డబ్బా మావాడి దగ్గర భద్రంగానే ఉంది. దాన్ని బిగించాడు. మళ్ళీ ఆకుపచ్చ కనెక్టర్లు కలిపాడు. కొన్ని నిమిషాల్లో ఆ పిరికి పట్టికలు తిరిగొచ్చాయి.

మొన్న ఒంగోలు నుంచి వాళ్ళ నాన్న వచ్చాడు. చెప్పులు విప్పి, కాళ్ళు నా మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"బాగుందిరా అబ్బాయ్, నిమ్మళంగా పోతోంది."

"ఊ" అన్నాడు మావాడు. ఫ్రీవే ఎక్కే మలుపులో ఎందుకో యాక్సిలరేటర్ అడుక్కంటా తొక్కాడు. చెవి పెట్టి విన్నాను. రాళ్ళు లేవు. పెద్దాయన మాత్రం పైనున్న పిడి పట్టుకున్నాడు.