మాస్టారి పికప్పు

కోనసీమలో కొబ్బరి తోట ఉన్నవాడికి రెండు జబ్బులు తప్పవు. కాయ ధర పడిపోయినప్పుడు వచ్చే దిగులు ఒకటి, దింపు తీసిన రోజున కిరాయి బండి రాకపోతే వచ్చే కోపం ఇంకొకటి. మొదటిదానికి మందు లేదు. రెండోదానికి నేను కనిపెట్టాను: సొంత బండి. రిటైరైన ఫిజికల్ సైన్సు మాస్టారికి పెన్షనుంటుంది, తీరికుంటుంది, అన్నీ తనకే తెలుసన్న నమ్మకముంటుంది. పాత బండ్లు అమ్మేవాళ్ళకి ఇంతకంటే మంచి బేరం తగలదు.

నేను కొన్న పికప్పు చూడ్డానికి దిట్టంగా ఉంది. వెనక భాగం బాగా ఎత్తు లేచి, ఎవరి మీదకో దూకడానికి సిద్ధంగా ఉంది. టైర్లు లావువి. కమాన్ కట్టల్లో, అంటే లీఫ్ స్ప్రింగుల్లో, పట్టీలు ఒకదాని కింద ఒకటి దొంతరలుగా కనిపించాయి. "ఎక్స్‌ట్రా పట్టీలేయించానండి. ఎంత లోడైనా లాగేస్తాదండి, ఆయ్!" అన్నాడు అమ్మినాయన. ఆయన ఇటుకలు తోలేవాడట. ఇటుకలు మోసిన బండికి కొబ్బరికాయలొక లెక్కా అనుకున్నాను. అయినవిల్లి వినాయకుడి గుడి ముందు పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చాను. మా ఆవిడ చుట్టూ ఒకసారి తిరిగి, "వెనకాల అంత ఎత్తుందేంటండీ?" అంది. "అది ఠీవి" అన్నాను.

రాజోలు దగ్గర మా తోట నుంచి తాటిపాక, పి.గన్నవరం మీదుగా అంబాజీపేట మార్కెట్టుకి కాయ తోలడం, అక్కణ్ణించి కొత్తపేట వెళ్ళి మా అత్తగారిని పలకరించి రావడం, ఇదీ నా పథకం. కాయతో వెళ్ళేటప్పుడు ఏ బాధా లేదు. తిరుగు ప్రయాణంలోనే ఠీవి సంగతి తెలిసొచ్చింది. అరచేతిలో పట్టే గుంతకి కూడా నా తల పైకప్పుని పలకరించేది. స్పీడ్ బ్రేకరు మీద ముందు బండి లేచేది, తర్వాత మేం లేచేవాళ్ళం, మేం దిగేలోపు సీటు మళ్ళీ పైకి వచ్చేది. అత్తగారు ఇచ్చిన ఆత్రేయపురం పూతరేకులు మా ఆవిడ ఒళ్ళో ఉన్నాయి. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన పూతరేకులవి. ఇల్లు చేరేసరికి చెంచాతో తినాల్సి వచ్చింది. "గుర్తింపు పోయిందండీ" అంది ఆవిడ డబ్బా మూత తీసి.

మొదట రోడ్డుని తిట్టాను. సైన్సు మాస్టార్ని కదా, ఊరికే తిట్టను, కారణం చెప్పి మరీ తిడతాను. డెల్టా బంకమట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంగుతుంది, దాని మీద పోసిన తారు తిన్నగా ఎలా ఉంటుంది, పైగా పక్కన కాలవ, గట్టు జారితే రోడ్డూ జారుతుంది అని వైనతేయ నది దాటేదాకా ఉపన్యాసం ఇచ్చాను. మా ఆవిడ అంతా విని, మమ్మల్ని దాటిపోతున్న ఆర్టీసీ బస్సు వైపు చూపించింది. కిటికీ పక్కన ఒకాయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. "ఆ బస్సు కింద వేరే మట్టి పోశారాండీ?"

దాంతో అనుమానం షాకబ్జార్బర్ల మీదకి మళ్ళించాను. వాటి పని బండి ఊగకుండా ఆపడం. పరీక్ష కూడా తేలికే: బండి మూల మీద బరువంతా మోపి నొక్కి వదిలేస్తే, అది ఒకసారి లేచి కుదురుకోవాలి. ఊగుతూనే ఉంటే అవి పోయినట్టు. నేను వెనక మూల మీద నొక్కాను. కదల్లేదు. ఎక్కి కూర్చున్నాను. కదల్లేదు. పక్కింటి కుర్రాణ్ణి కూడా ఎక్కించాను. ఇద్దరం కలిసి గంతులేసినా బండి చలించలేదు గానీ, గోడ మీంచి చూస్తున్న వీధి వీధంతా చలించింది. ఊగని బండికి ఊపు ఆపే పరికరం మార్చి లాభం లేదని అక్కడే తెలియాలి. నేను మాత్రం మరింత గట్టివి, ఖరీదైనవి కొని వేయించాను. గట్టి షాకబ్జార్బరు కుదుపుని ఇంకాస్త భద్రంగా సీటు దాకా చేరవేస్తుందని ఆ సాయంత్రమే రుజువైంది. మర్నాటి నుంచి మా ఆవిడ బండెక్కితే దిండు తెచ్చుకోవడం మొదలుపెట్టింది.

రోగం పట్టుకున్నది కూడా ఆవిడే. ఒకసారి కొత్తపేట నుంచి బయల్దేరుతుంటే మా బావమరిది, "బండి ఖాళీగా ఎందుకు బావగారూ?" అని వెనక బియ్యం బస్తాలు వేయించాడు. పలివెల దాటేసరికి ఆవిడ నిద్రపోయింది. ఇంటి ముందు ఆగితే గానీ లేవలేదు. డబ్బా తెరిస్తే పూతరేకులు మడత నలగకుండా ఉన్నాయి. ఆవిడ బస్తాల వైపు, బండి వైపు, ఆఖరున నా వైపు చూసింది. "దీనికి రోగం లేదండీ. పనుంటే బుద్ధిగా ఉంటోంది, ఖాళీగా ఉంటేనే గెంతుతోంది. మీరు రిటైరైన దగ్గర్నుంచీ నేను చూట్టంలేదూ?"

నాకు తల కొట్టేసినట్టయింది. హుక్ సూత్రం! స్ప్రింగు ఎంత వంగుతుందన్నది దాని మీద పడే బరువుని బట్టి ఉంటుందని 1678లో రాబర్ట్ హుక్ అచ్చేయించాడు. సర్వీసంతా స్ప్రింగు త్రాసుకి తూకపురాళ్ళు వేలాడదీసి పిల్లలకి చెప్పిన పాఠం అది. బిగువు పెరిగితే అదే బరువుకి వంపు తగ్గుతుంది. పట్టీ మందం రెట్టింపైతే బిగువు ఎనిమిది రెట్లవుతుంది. ఇటుకల లోడుకి వంగాలని వేసిన పట్టీలు, ఒక మాస్టారూ ఆయన భార్యా పూతరేకుల డబ్బాతో ఎక్కితే ఎందుకు వంగుతాయి? వంగని కమాను వట్టి ఇనప దూలం. గుంత దెబ్బ దారిలో ఎక్కడా ఆగకుండా నేరుగా మన నడ్డికే వస్తుంది.

అమలాపురంలో కమాన్ కట్టల మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళి ఈ సిద్ధాంతమంతా వినిపించాను. ఆయన ఓపిగ్గా విని, "గాలెంత కొట్టిస్తన్నారండి మాస్టారూ?" అన్నాడు. "అమ్మినాయన చెప్పినంతే." అంటే నిండు లోడు లెక్క! తలుపు తీస్తే లోపల స్టిక్కరు మీద ఖాళీ బండికి ఒక అంకె, లోడు బండికి ఒక అంకె రాసున్నాయి. అక్షరాలు చదవడం నేర్పి బతికినవాణ్ణి, రోజూ తీసే తలుపు మీద రాసింది చదవలేదు. తర్వాత టైరు పక్కన అచ్చయిన నాలుగంకెలు చూపించాడు: 1416. అంటే 2016లో పద్నాలుగో వారం తయారైన టైరు. రబ్బరు ముదిరి చెక్కబారింది. కమాన్ చెవుల్లో బుష్షులు అరిగి ఇనుముకి ఇనుము తగులుతోంది. పట్టీలు ఒకదాని మీద ఒకటి జారాలి గదా, ఉప్పుగాలికి తుప్పుపట్టి అతుక్కుపోయాయి. "ఇయ్యన్నీ కలిపి ఒకటే కడ్డీ అయిపోయిందండి, ఆయ్" అన్నాడాయన, నా సిద్ధాంతాన్ని అరముక్కలో తేల్చేసి.

అదనపు పట్టీలు ఊడదీయించాను. మిగిలినవి రుద్ది గ్రీజు రాసి, బుష్షులూ టైర్లూ మార్చి, గాలి తగ్గించాడు. "కొంచెం తిరిగాక యూ బోల్టులు మళ్ళీ బిగించుకోవాలండి" అని కూడా చెప్పాడు. ఊడదీయించానని విచారం లేదు: పట్టీలు పెంచినంత మాత్రాన ఆర్సీలో రాసిన లోడు పెరగదు, బ్రేకులూ ఇరుసూ పాతవే. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఆర్సీ వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చొద్దంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ ఆ మాటే గట్టిగా చెప్పింది. ఊడదీసిన పట్టీల్లో ఒకటి మా ఆవిడ కమ్మరికిచ్చి కత్తి చేయించుకుంది. కమాన్ ఉక్కు కదా, కొబ్బరికాయ ఒక్క దెబ్బకి రెండవుతోంది. బండి కొన్నందుకు ఇంట్లోకి వచ్చిన లాభం అదొక్కటేనని చుట్టాలందరికీ చూపిస్తోంది.

కనుక పాత పికప్పు కొనబోయే అయ్యలారా, దాని మొదటి యజమాని ఏం మోసేవాడో ముందు అడగండి. మీరేం మోస్తారో ఆలోచించుకోండి. బండిని ఖాళీగా నడిపి చూడండి, ఇంటావిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని. కుదుపు కనిపిస్తే గాలి, టైరు వయసు, బుష్షులు, పట్టీలు ఈ వరసలో చూసి, షాకబ్జార్బర్ల జోలికి ఆఖరున వెళ్ళండి. నేను సరిగ్గా తలకిందులుగా వెళ్ళాను, డబ్బు కూడా అలాగే వెళ్ళింది. పెట్రోలు బంకులో గాలి చూసినందుకు పైసా తీసుకోరు.