పాత కారు పద్యానికి టీకా తాత్పర్య విశేషాలు

అవతారిక

మల్లినాథసూరి మెదక్ దాపుల కొల్చారం వాడంటారు. మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని మాట ఇచ్చి మరీ కాళిదాసుకు వ్యాఖ్యానం రాశాడు. కాళిదాసు ఎవరికీ ఏమీ అమ్మజూపలేదు కనుక ఆయనకు ఆ మాట చెల్లింది. ఇప్పుడు మనం చేపట్టిన మూలంలో చెప్పిన మాటలకంటే మింగిన మాటలు ఎక్కువ. ఇక్కడ మూలంలో లేనిది రాయకపోతే కొనేవాడు మునుగుతాడు.

కవి అజ్ఞాతుడు. పాత కార్ల బేరాలు సాగే ప్రతి ఊరివాళ్ళూ అతడు తమవాడేనంటారు. సందర్భమేమంటే, స్కూటరు మీద భార్యాబిడ్డలను ఇరికించుకుని తిరిగి తిరిగి విసిగిన ఒకానొక గృహస్థుడు లక్షలోపు కారు వెతుక్కుంటూ రాగా, మధ్యవర్తి తెల్లని మారుతి 800 బానెట్టు మీద చెయ్యి ఆనించి ఇట్లనియె.

ఆ.వె.
ఒక్క చేతి బండి ఓనరు డాక్టరు
లీటరిరువదిచ్చు లేదు లోటు
పేపరన్ని క్లియరు పెట్రోలు తప్పించి
పైస ఖర్చు లేదు పట్టుకెళ్ళు

తాత్పర్యం: ఓ కొనువాడా! ఈ కారును ఇంతవరకు ఒక్క వైద్యుడు మాత్రమే వాడెను. ఇది లీటరు పెట్రోలుకు ఇరవై కిలోమీటర్లు నడచును. ఇందు ఏ లోపమును లేదు. కాగితములు సక్రమముగా నున్నవి. పెట్రోలు తప్ప వేరు వ్యయము లేదు. కావున తీసుకొనిపొమ్ము.

విద్యార్థులకు ఇంతవరకు చాలు, మార్కులు వస్తాయి. డబ్బు పెట్టేవాడు మాత్రం విశేషాలు చదవాలి.

ఛందస్సు: ఆటవెలది. యతులు నాలుగూ కుదిరాయి. ఈ బండిలో ఖాయంగా కుదిరినవి అవే. ‘బండి ఓనరు’ దగ్గర రెండు అచ్చుల మధ్య సంధి చేయక కవి ఖాళీ వదిలాడు. లాక్షణికులు దీన్ని దోషమన్నారు. కాదు, కవి బుద్ధిపూర్వకంగానే వదిలాడు. బండికీ ఆ ఓనరుకీ నడుమ ఉన్న ఆ ఖాళీలో మరో ముగ్గురు ఓనర్లు కూర్చుని ఉన్నారు.

‘ఒక్క చేతి బండి ఓనరు డాక్టరు’

ఒక్క చేతి = ఒకే యజమాని వాడినట్టిదైన; బండి = కారు; ఓనరు = ఆర్సీ మీద పేరున్నవాడు; డాక్టరు = వైద్యుడు. కారు పేరు పద్యంలో లేదు. చెప్పనక్కరలేదు. 1983 డిసెంబరులో తొలి తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా అందినప్పుడు దాని ధర 50 వేలకు అటూ ఇటూ. ఆ తరవాత ఒక తరం పాటు మనవాళ్ళకు కారంటే అదే, దాని పేరు మారుతి కారు. 800 అన్న అంకె పక్కన ఇంకో మారుతి వచ్చాకే అవసరపడింది.

ఇక ‘ఒక్క చేతి’. 2010లో బీఎస్-4 కాలుష్య నిబంధన వచ్చినప్పుడు హైదరాబాదు సహా 13 నగరాల్లో 800 అమ్మకం ఆగింది. 2014 జనవరిలో తయారీయే ఆగింది. అంటే హైదరాబాదు షోరూములో కొత్తగా కొన్న ఆఖరి 800కు కూడా ఇప్పటికి పదిహేనేళ్ళు దాటినట్టే. అన్నేళ్ళూ ఒక్క చెయ్యే తిప్పిందా అని సందేహం. దీనికి సమాధానం మోటారు వాహనాల చట్టం 50వ సెక్షనులో ఉంది. అమ్మినవాడు అదే రాష్ట్రంలోనైతే 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. లోకాచారం వేరు. డాక్టరుగారు ఫారం 29, 30ల మీద తేదీ వేయకుండా సంతకాలు పెట్టి ఇచ్చేస్తారు. ఆ కాగితాలు బండితోపాటు చేతులు మారుతూ ఉంటాయి, పేరు మాత్రం మారదు. కనుక ‘ఒక్క చేతి’ అన్నది ఆర్సీ ప్రమాణంగా అక్షరసత్యం. ఎవరో సీటు బెల్టు లేకుండా కూకట్‌పల్లిలో పోతే, ఎప్పుడో బండి అమ్మేసిన డాక్టరుగారి ఫోనుకు చలానా పోవడం దీనికి నిదర్శనం.

డాక్టరే ఎందుకు? ఇది ధ్వని. లాయరు, కాంట్రాక్టరు, ట్రావెల్సు యజమాని కూడా కార్లు అమ్ముతారు, కానీ పద్యాల్లోకి ఎక్కరు. డాక్టరంటే ఒళ్ళు చూసుకునేవాడు, బండినీ అలాగే చూసుకుంటాడని వ్యంగ్యార్థం. ఇల్లు, ఆసుపత్రి, మళ్ళీ ఇల్లు తప్ప తిరగడని ఇంకో వ్యంగ్యార్థం. ఇక్కడ కవి తెలియక తన బండినే తిట్టాడు. రోజూ రెండు కిలోమీటర్లు పోయి ఆగే కారులో ఇంజను పూర్తిగా వేడెక్కదు. చల్లని ఇంజను పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సైలెన్సరులో చేరిన తేమ ఆవిరి కాక లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది, బ్యాటరీ నిండా చార్జి అవదు. ఆ లెక్కన రోజూ హైవే మీద తిరిగే మెడికల్ రిప్రజెంటేటివు బండి మేలు. కానీ అతడు గణాల్లో ఇమడడు.

కొందరు వ్యాఖ్యాతలు ఇది పశువుల డాక్టరు గురించి చెప్పిన పద్యమంటారు. అలాగైతే కిందికి వంగి సస్పెన్షను చూసుకోవాలి.

‘లీటరిరువదిచ్చు’

పద్యానికి ప్రాణం ఇక్కడుంది. ‘ఇచ్చు’ తద్ధర్మార్థక క్రియ. ఇచ్చిందని కాదు, ఇస్తుందనీ కాదు, ఇవ్వడం దాని స్వభావమని మాత్రమే. కాలం లేని క్రియ మీద కోర్టుకెళ్ళడం కుదరదు. కవి వ్యాకరణం చదువుకోకపోయినా ఎక్కడ ఏ క్రియ వాడాలో తెలిసినవాడు.

ఇరువదిని లెక్కగట్టే విషయంలో యజమానుల్లో మూడు శాఖలున్నాయి. మొదటిది రూపాయి శాఖ. ‘ఐదొందలు కొట్టించా, వారం తిరిగా’ అంటారు. లీటరు వంద దాటాక ఐదొందలకు ఐదు లీటర్లు కూడా రావని ఈ శాఖ గుర్తించదు. వారంలో రెండు రోజులు బండి తీయలేదన్నదీ గుర్తించదు. రెండోది ముల్లు శాఖ. 28 లీటర్ల చిన్న ట్యాంకు. ఎత్తులో ఆపితే ఒక మాట, పల్లంలో ఆపితే ఒక మాట చెప్పే ముల్లు. దాన్ని చూసి ఇంకా సగం ఉందని మురుస్తారు. మూడోది ఫుల్ ట్యాంకు శాఖ. బంకులో గన్ను దానంతటదే ఆగేదాకా కొట్టించి, ట్రిప్ మీటరు సున్నా చేసి, తిరిగి అదే బంకులో మళ్ళీ ఆగేదాకా కొట్టించి, కిలోమీటర్లను లీటర్లతో భాగిస్తారు. టీకాకారుడి ఓటు దీనికే. అయితే ఈ శాఖవారు కూడా లెక్క కట్టేది విజయవాడ హైవే ఎక్కిన రోజునే, ఏసీ ఆపి, అరవై దాటకుండా. ఆ రోజు ఇరవై వస్తుంది. నిజంగానే వస్తుంది. మర్నాడు అమీర్‌పేట సిగ్నలు దగ్గర ఇంజను ఆన్‌లో పెట్టుకుని నిలబడిన కారు లీటరుకు సున్నా కిలోమీటర్లు ఇస్తుంది. ఆ లెక్క ఎవరి డైరీలోనూ ఉండదు. ఊళ్ళో, ఏసీతో, పదమూడు పద్నాలుగు వచ్చిందని చెప్పే యజమాని ఎక్కడైనా కనబడితే అతడి బండి కొనవచ్చు. మిగతావి కూడా నిజమే చెబుతాడు.

ఇంజను 796 సీసీ, మూడు సిలిండర్లు, 37 గుర్రాలు. ఏసీ మీట నొక్కితే వాటిలో కొన్ని గుర్రాలు బండి లాగడం మాని గాలి చల్లబరిచే కొలువుకు పోతాయి. నలుగురు ఎక్కిన కారు ఫ్లైఓవరు ఎక్కేముందు ఏసీ ఆపి, దిగేటప్పుడు వేయడం 800 వారి సంప్రదాయం. పక్క సీట్లోని మామగారికి కూడా ఇది తెలుసు, అడగరు.

కంపెనీ చెప్పే అంకె ఈ మూడు శాఖలకూ చెందదు. అది పరీక్షశాలలో, కారును రోలర్ల మీద నిలబెట్టి, నిర్ణీత వేగాల్లో నడిపి తీసినది. 2012లో వచ్చిన ఆల్టో 800కు ఆ పద్ధతిలో 22.74 అన్నారు. రోలరు మీద గుంతలుండవు, రాంగ్ రూటులో ఆటో రాదు. అయినా చుక్క తరవాత రెండు అంకెలున్నాయి కనుక జనం నమ్మారు.

ఇంకో సూక్ష్మం. మీటరు చక్రం తిరిగిన చుట్లను లెక్కపెడుతుంది, రోడ్డును కాదు. అరిగిన టైరు చుట్టుకొలత తగ్గుతుంది, అంతే దూరానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది, మీటరు ఎక్కువ కిలోమీటర్లు చూపుతుంది. కనుక బోడి టైర్ల బండికి కాగితం మీద మైలేజీ కాస్త పెరుగుతుంది. కొత్త టైర్లు వేయించాక ‘మైలేజీ పడిపోయింది’ అని మేస్త్రీతో పోట్లాడేవారు ఈ వాక్యం రెండుసార్లు చదువుకోగలరు.

అలంకారం: శ్లేష. ‘లీటరిరువదిచ్చు’ అంటే ప్రతి లీటరులోనూ ఇరవై శాతం ఇథనాలు వచ్చునని రెండో అర్థం. ఈ అర్థం కవికి తెలియదు, కాలం కల్పించింది. ఇథనాలులో లీటరుకు ఉండే శక్తి పెట్రోలులో కంటే సుమారు మూడోవంతు తక్కువ. ఇరవైలో మూడోవంతు పోతే ఆరేడు శాతం. పాత పెట్రోలుకు తయారై 10 శాతానికి సర్దుబాటైన కార్లకు ఇరవై శాతం మిశ్రమంతో మైలేజీ ఆరేడు శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదిక చెప్పింది కూడా. కనుక మొదటి ఇరువదిని రెండో ఇరువది తినేస్తుంది. ఇంత గట్టి శ్లేష ప్రబంధాల్లో కూడా అరుదు. దీనికి తోడు ముప్ఫై ఏళ్ళనాటి రబ్బరు గొట్టాలకు ఇథనాలు పడదు. పెట్రోలు వాసన వస్తే అలంకారశాస్త్రం పక్కనపెట్టి మేస్త్రీని పిలవాలి.

‘లేదు లోటు’

అమ్మేవాడు చెప్పినా ఈ మాటలో సగం నిజముంది, అందుకే జాగ్రత్తగా విప్పాలి. లోటు అంటే ఏమిటని యజమానులను అడిగితే దారిలో ఆగిపోవడమంటారు. క్లచ్ ప్లేటు మార్చారు కదా అంటే అది అరుగుదల. రేడియేటరు కారింది కదా అంటే ఎండాకాలం. తలుపుల కింద రేకు తుప్పు తిన్నది కదా అంటే సముద్రపు గాలి. టైమింగ్ బెల్టు లక్ష కిలోమీటర్లకు మార్చాలి కదా అంటే ఎవరూ మాట్లాడరు. ఇన్నీ తీసేశాక మిగిలేదే ‘లోటు’. అలా చూస్తే లేదు.

నా మట్టుకు నాకు 800 మీద ఉన్న నమ్మకం వేరే చోటిది. అది చెడిపోని కారు కాదు, చెడిన చోటే బాగుపడే కారు. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఏ చెట్టు కింది షెడ్డుకు తోలినా మేస్త్రీ అడగకుండా బానెట్టు ఎత్తుతాడు. సామాను ఆ ఊళ్ళోనే దొరుకుతుంది. స్కానరు తేవాలి, పెద్ద ఊరికి పంపాలి అన్న మాటలు పుట్టకముందే పుట్టిన కారు. ఇటీవలి చిన్నకార్లు దీనికంటే తక్కువసార్లు చెడతాయేమో. చెడ్డనాడు వాటి బిల్లు చూస్తే ఆ తక్కువంతా ఒక్కసారే వసూలవుతుంది.

ఒక్క లోటు మాత్రం మేస్త్రీ కూడా తీర్చలేడు, నీట మునిగిన బండి. 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కార్లు ఎన్నో మునిగాయి. కడిగి, సీట్లు మార్చి, అత్తరు కొట్టినవి వేరే జిల్లాలో ‘డాక్టరుగారివి’ అవుతాయి. సీటు బెల్టును చివరిదాకా లాగాలి. చుట్టలోపలి కొసన మట్టి గీత కనబడితే ఆ బండికి లోటుంది. బెల్టు లాగుతుంటే మధ్యవర్తి మాట మార్చినా ఉన్నట్టే.

‘పేపరన్ని క్లియరు పెట్రోలు తప్పించి’

పాదం ఇక్కడే ఆపి చదివితే, పెట్రోలు ఒక్కటి తప్ప కాగితాలన్నీ బాగున్నాయని అర్థం వస్తుంది. పెట్రోలు కాగితమా అని వెర్రి సందేహం పడకుండా తరువాతి పాదంతో అన్వయించుకోవాలి. ‘క్లియరు’ అంటే బ్యాంకు అప్పు తీరి ఆ పేరు ఆర్సీలోంచి తొలగిందని, బీమా కాలం చెల్లలేదని, పదిహేనేళ్ళు నిండితే రిజిస్ట్రేషను ఐదేళ్ళకు పొడిగించారని. హరిత పన్ను ఎవరు కట్టాలన్నది పద్యంలో లేదు. ఎప్పుడూ ఉండదు.

‘పైస ఖర్చు లేదు పట్టుకెళ్ళు’

పైస = రూపాయిలో నూరవ వంతు; ఖర్చు లేదు = స్పష్టం. కవి అబద్ధమాడలేదు. పైసల్లో ఏ షెడ్డూ బిల్లు వేయదు, అంతా వేలల్లోనే.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో ‘తోసుకెళ్ళు’ అని ఉంది. దీనిమీద పండితులకూ యజమానులకూ తీరని వాదం. ‘పై’కి ‘తో’తో యతి చెల్లదు కనుక ఇది ప్రక్షిప్తమని పండితులు. చలికాలం పొద్దున్నే బ్యాటరీ దిగిన బండి దగ్గర నిలబడినవారు మాత్రం అసలు పాఠం ఇదేనంటారు. ఈ పాఠం పాటించవలసి వస్తే విధానమిది. తాళం ఆన్‌లో పెట్టి, రెండో గేరు వేసి, క్లచ్ పూర్తిగా నొక్కి ఉంచాలి. వెనకనుంచి తోసి, బండి పరుగందుకోగానే క్లచ్ ఒక్కసారిగా వదలాలి, అందగానే మళ్ళీ నొక్కాలి. బరువు దాదాపు 650 కిలోలే కనుక తోయడానికి ఇద్దరు చాలు. మూడో మనిషి కావలసివస్తే హ్యాండ్ బ్రేకు దించారో లేదో చూసుకోవాలి.