తడబడే లారీ: ఒక తేటగీతికి టీకా తాత్పర్యాలు

మూలం

తే. చాల నాళ్ళుగా షెడ్డులోఁ జలన మెఱుగ
నట్టి లారికి మిట్టపై నడక తడబ
డినను పంపును విప్పకు, డీజిలింటి
గాలి మొదలుగా వెదకుము కారణంబు.

అవతారిక

మూలమూ వ్యాఖ్యా ఒకే కలం నుంచి వచ్చాయి కనుక పాఠభేదాలు లేవు. అభిప్రాయభేదాలు మాత్రం షెడ్డు నిండా ఉన్నాయి. సందర్భం ఇది: గోదావరి డెల్టాలో ఒక రైసుమిల్లు. దానికో పాత టాటా లారీ. ధాన్యం సీజనులో తిరుగుతుంది. మిగతా నెలలు రేకుల కింద తపస్సు చేస్తుంది. సార్వా కోతలకు బయటికి తీస్తే చదును రోడ్డు మీద బుద్ధిగానే నడిచింది. బస్తాలేసుకుని కాలవ వంతెన ఎక్కేసరికి గుంజలేక, జెర్కులు కొట్టి, ఆగినంత పని చేసింది. డ్రైవరు సీటు దిగకుండానే తీర్పు చెప్పాడు: "పంపు పోయిందండి, దించేద్దాం." ఆ తీర్పు మీద అప్పీలే ఈ పద్యం.

ప్రతిపదార్థం

చాల నాళ్ళుగాన్ = పోయిన సీజను మొదలుకొని; షెడ్డులోన్ = రేకుల కొట్టంలో; చలనము ఎఱుగనట్టి = కదలిక తెలియని (బ్యాటరీ కోసమని అయిదు నిమిషాలు స్టార్టు చేసి ఆపడం చలనం కాదని భావం); లారికిన్ = లారీకి (గణం కోసం దీర్ఘం తగ్గింది, లోడు తగ్గలేదు); మిట్టపైన్ = ఎత్తు మీద (డెల్టాలో మిట్ట ఎక్కడిదని శంక; కాలవ వంతెన, ఏటిగట్టు అని సమాధానం); నడక తడబడినను = పికప్పు లేక మిస్సింగు కొట్టినా; పంపును = డీజిలును కొలిచి నాజిళ్ళకు పంపే ఇంజెక్షన్ పంపును; విప్పకు = స్పానరుతో ముట్టకు; డీజిలు ఇంటి = డీజిలుకు ఇల్లయిన ట్యాంకు తాలూకు దారిలోని; గాలి మొదలుగాన్ = గాలి, నీరు, నాచు, మట్టి వగైరాలలో; కారణంబు = హేతువును; వెదకుము = వెతుకు.

తాత్పర్యం

తిరిగే లారీకి అరుగుదల రోగం. నిలబడ్డ లారీకి చొరబాటు రోగం. షెడ్డులో పెట్టిననాడు బాగున్న పంపు, తిరగకుండా అరిగిపోదు. కాబట్టి ఏది అరిగిందని కాక ఏది లోపలికి వచ్చిందని అడగాలి. వచ్చినవి ట్యాంకు దగ్గరే మొదలవుతాయి. వెతుకులాటా అక్కడే మొదలవ్వాలి.

పూర్వపక్షం

పంపువాదులు ఇలా ఆక్షేపిస్తారు: "నిలవ డీజిలు జిగటగా మారి పంపులో ర్యాకును పట్టేస్తుంది కదా?" నిజమే, పట్టేస్తుంది. కాని ర్యాకు బిగిస్తే లారీ ఎక్సిలేటరు మాట వినదు. రేసిచ్చినా వదిలినా ఎక్కడైనా మొండికేస్తుంది. చదును మీద సాధువుగా ఉండి వంతెన మీదే తడబడటం ర్యాకు లక్షణం కాదు. ఐడిలింగులో ఇంజను తాగేది కొంచెం. లోడుతో ఎత్తెక్కేటప్పుడు తాగేది ఎన్నో రెట్లు. పూడుకుపోయిన దారి కొంచెం అడిగితే ఇస్తుంది, ఎక్కువ అడిగితే చేతులెత్తేస్తుంది. పైగా పంపులో ప్లంజరుకూ బారెలుకూ మధ్య ఖాళీ మిల్లీమీటరులో వెయ్యో వంతుల లెక్క. దాన్ని రోడ్డు పక్కన గోనెపట్టా మీద విప్పితే లేని రోగం వస్తుంది. తరవాత టెస్టు బెంచి మీద క్యాలిబ్రేషన్ చేయించడం ప్రాయశ్చిత్తమే తప్ప వైద్యం కాదు.

సిద్ధాంతం

ట్యాంకు సగం ఖాళీగా ఉంటే ఆ ఖాళీలో గాలి తేమతో నిండుతుంది. రాత్రి చల్లదనానికి అది నీరై కారుతుంది. డీజిలు కంటే నీరు బరువు కనుక అడుగున చేరుతుంది. ఆ రెండిటి సరిహద్దులో సూక్ష్మజీవులు కాపురం పెట్టి నాచులాంటి జిగురును కంటాయి. ఆ జిగురే ఫిల్టరును మూస్తుంది. అందువల్ల మొదటి క్రియ ట్యాంకు డ్రెయిన్ ప్లగ్గు వదులు చేసి అడుగు నీళ్ళు వదలడం. రెండోది మూత సంగతి: ట్యాంకు ఊపిరి తీసుకునే రంధ్రాన్ని కందిరీగ మట్టితో పూడిస్తే లోపల పీడనం పడిపోయి డీజిలు కదలదు. తడబడిన క్షణంలో మూత తీస్తే కోలుకుందా, దోషి కందిరీగే. మూడోది ఫిల్టర్లు, ఫీడ్ పంపు జాలీ.

నాలుగోది పద్యంలో పేరెత్తి చెప్పిన గాలి. దీని చరిత్రే ఒక పురాణం. 1897లో ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపిన ఇంజనులో ఇంధనాన్ని సిలిండరులోకి చిమ్మింది ఒత్తిడి పెట్టిన గాలే. 1927లో బాష్ పంపు తయారీ మొదలై, డీజిలును గాలి సాయం లేకుండా నెట్టే పద్ధతి స్థిరపడ్డాక ఆ మిత్రుడే శత్రువయ్యాడు. ఎందుకంటే నాజిలు తెరుచుకోవడానికి సుమారు 200 బార్ల ఒత్తిడి కావాలి. డీజిలు దాదాపు నలగదు, గాలి నలుగుతుంది. పైపులో బుడగ ఉంటే పంపు కొట్టిన దెబ్బంతా బుడగను నలపడానికే పోతుంది. నాజిలు నోరు విప్పదు.

ప్రమాణ విచారం

ప్రత్యక్షం: ఫిల్టరుకూ పంపుకూ మధ్య తాత్కాలికంగా పారదర్శకమైన పైపు ముక్క వేస్తే బుడగలు కంటికి కనిపిస్తాయి.

ఉపమానం: "గాలి దూరితే డీజిలు కారాలి కదా?" అని క్లీనరు శంక. కొబ్బరిబోండంలో పెట్టిన గొట్టానికి పైన చిల్లి పడితే నీళ్ళు కారవు, పీల్చినప్పుడు గాలి వస్తుంది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా పీల్చే దారే. కాబట్టి పొడిగా కనిపించే జాయింటునూ, చీలిన రబ్బరు గొట్టాన్నీ, నలిగిన రాగి వాషరునూ నమ్మరాదు.

అనుమానం: క్యాన్‌లో శుభ్రమైన డీజిలు పోసి నేరుగా ఫీడ్ పంపుకు గొట్టం కలిపి, ఎయిర్ తీసి నడపాలి. తడబాటు పోతే దోషం ఆ వెనక దారిలో ఉంది. పోకపోతే ముందు దారిలో. ఒకసారి ఒకటే మార్చాలన్నది ఇక్కడి నియమం. ఫిల్టరూ గొట్టమూ నాజిలూ ఒకేసారి మార్చినవాడికి లారీ బాగవుతుందేమో కాని జ్ఞానం కలగదు.

శబ్దం: తార్కికులకు శబ్దమంటే ఆప్తవాక్యం, మెకానిక్కుకు ఇంజను మోతే. ఐడిలింగులో నాజిలు పైపు నట్టు ఒక్కొక్కటే కాస్త వదులు చేస్తూ పోవాలి. వదులు చేసినా మోత మారని సిలిండరే పని ఎగ్గొడుతున్న సిలిండరు. చిమ్మే డీజిలుకు చెయ్యి అడ్డు పెట్టరాదు. ఆ ఒత్తిడికి అది చర్మంలోకి దూరుతుంది.

ధూమ ప్రకరణం: తార్కికుడు పొగను చూసి నిప్పుందంటాడు, మెకానిక్కు పొగను చూసి నిప్పు ఏం తిన్నదో చెబుతాడు. నల్ల పొగ అయితే డీజిలుకు తగ్గ గాలి లేదు. ఎయిర్ ఫిల్టరులో ఎలుక గూడు పెట్టిందేమో చూడాలి. తెల్లనైతే డీజిలు కాలకుండా పోతోంది, లేదా నీరు కలిసింది. నీలమైతే ఇంజనాయిలు కాలుతోంది. పొగ పెద్దగా లేకుండానే గుంజడం మానేస్తే డీజిలే అందడం లేదు. పద్యం ఉద్దేశించింది ఈ చివరి దశనే.

కావ్య గుణాలు

తేటగీతి. పాదానికి ఒక సూర్య, రెండు ఇంద్ర, రెండు సూర్య గణాలు. పాదాలు నాలుగు, ఇంజను స్ట్రోకులూ నాలుగు. రెండో పాదం చివర "తడబ" అని ఆగి, మూడో పాదంలో "డినను" అని అందుకోవడం చేత లారీ తడబాటును పద్యమే అభినయించిందని రసికుల మాట. గణం సరిపోక విరిచాడని పంపువాదుల మాట. ఉభయమూ గ్రాహ్యమే.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని అర్థంతో చదివి, షెడ్డులో పెట్టేముందు ట్యాంకు నింపి, నీళ్ళు వదిలి, పక్షానికోసారి లోడుతో ఇంజను బాగా వేడెక్కేదాకా నడిపే యజమానికి వాషర్ల ఖర్చుతో పని జరుగుతుంది. చదివి ఊరుకున్నవాడికి ఛందోజ్ఞానం దక్కుతుంది. చదవకుండా పంపు దించినవాడికి రెండు బిల్లులు వస్తాయి: ఒకటి పంపుకు, ఒకటి ఆ తరవాత మార్చే గొట్టానికి.