అడ్మిన్‌గా ఉండి కత్తెర పట్టొద్దు

ఊరి వాట్సాప్ గ్రూపుకు కొత్తగా అడ్మిన్ అయినారా? గొడవ చేసేవాణ్ని తీసెయ్యమని, తిట్టు కనపడితే డిలీట్ కొట్టమని, ఎన్నికలొస్తే అడ్మిన్లు మాత్రమే రాసేలా గ్రూపుకు తాళం వెయ్యమని మీకు పదిమందీ చెప్తారు. ఈ మూడూ చెయ్యొద్దు. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మనుషులు కలిసున్న గ్రూపును నేను చాన్నాళ్లుగా చూసుకుంటున్నాను. మూడూ చేసి, చెయ్యి కాల్చుకున్నాకే చెప్తున్నాను.

మీకు హక్కు లేదని కాదు. రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛ ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టడి చేసేది. ఆన్‌లైన్‌లో రాసినదానికి అరెస్టు చెయ్యనిచ్చే ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసినప్పుడు పోలీసు చేతిలోంచి ఒక లాఠీని లాగేసింది. మీ చేతిలోదాని జోలికి రాలేదు. గ్రూపు మీ ఇంటి అరుగు లాంటిది. కూర్చున్నవాణ్ని లేచిపొమ్మంటే ఎందుకని అడిగే కోర్టు లేదు. అడిగేవాడు లేడు కాబట్టే మీ అంతట మీరు ఆగాలి. అరుగు మీద నుంచి లేపినవాడు ఊరొదిలి పోడు. ఎదురింటి అరుగెక్కుతాడు. అక్కడ అందరిదీ ఒకే పార్టీ, ఒకే మాట. తప్పు రాస్తే 'అది కాదన్నా' అనే నోరు ఒక్కటీ ఉండదు.

2018 వేసవి గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగినాయని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఫోన్లు మోగిపోయినాయి. అమాయకులు దెబ్బలు తిన్నారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ జులైలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఐదు చోట్లకు మించి ఫార్వర్డ్ చెయ్యకుండా కట్టడి తెచ్చింది.

చాలా ఏళ్ల తర్వాత మా గ్రూపులో అదే పుకారు మళ్లీ పడింది. ఈసారి మైదుకూరు రోడ్డు పేరు పెట్టినారు. అప్పటికి అడ్మిన్ ఎవరి మెసేజ్ అయినా చెరిపే వీలు వచ్చేసింది. చూడంగానే చెరిపేసి, పెద్ద పని చేసినానని నిద్రపోయినా. పొద్దున లేచి చూస్తే మెసేజ్ ఉన్నచోట అడ్మిన్ తొలగించినట్టు ఒక గీత, దాని కింద నలభైకి పైగా మెసేజ్‌లు. 'ఏముండె?' 'ఎందుకు తీసినారు?' 'నిజమైతేనే కదా తీసేది!' ముందే చూసినవాళ్లు అప్పటికే ఇంకో నాలుగు గ్రూపుల్లో వేసినారు. మధ్యాహ్నానికి జమ్మలమడుగులో దుప్పట్లు అమ్ముకునే ఒక ఉత్తరాది కుర్రాణ్ని నిలబెట్టి, మూట విప్పదీసి, ఆధార్ కార్డు చూపించమన్నారు. దెబ్బలు పడలేదు, అంతవరకు నయం. దుప్పట్లన్నీ మట్టిలో పడినాయంట. నేను ఆ మెసేజ్‌ను అట్లే ఉంచి, కిందనే 'ఇది అబద్ధం, స్టేషన్‌కు ఫోన్ చేసి కనుక్కున్నా' అని రాసింటే, చూసినవాళ్లందరికీ ఆ మాటా కనపడేది. చెరిపినాక దేనికింద రాసేది?

అందుకే మొదటి సలహా: అబద్ధాన్ని దాచొద్దు, దాని పక్కనే నిజం పెట్టండి. అదీ ఆ గంటలోనే.

తిట్లకు మందు వేరే ఉంది. గ్రూపులో బదులు రాయొద్దు. చెప్పులేసుకొని బయల్దేరండి. పెద్ద కంపెనీలకు ఫిర్యాదుల అధికారి ఉండాలని, 24 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పి 15 రోజుల్లో తేల్చాలని 2021 ఐటీ నిబంధనలు పెట్టినాయి. ఆ అధికారి ఏ ఊర్లో ఉంటాడో మనకు తెలీదు. మీరైతే అర కిలోమీటరు దూరంలో ఉన్నారు. మా సభ్యుడొకడు ఒక పంతులమ్మను పార్టీ పేరుతో నానా మాటలూ అన్నాడు. ప్రొద్దుటూరు పుట్టపర్తి సర్కిల్ దగ్గర వాళ్ల అంగడికి పోయి, ఫోన్ చేతికిచ్చి, 'నువ్వు రాసిందే నాయనా, ఒకసారి గట్టిగా చదువు' అన్నా. గల్లాపెట్టె దగ్గర వాళ్లమ్మ కూర్చోనుంది. ఫోన్ వైపు చూసినాడు, వాళ్లమ్మ వైపు చూసినాడు. 'వద్దులే మామా' అన్నాడు. సాయంత్రం ఆ పంతులమ్మకు తనే ఫోన్ చేసినాడు.

రెండు పార్టీల నుంచీ నోరున్న మనిషిని ఒక్కొక్కర్ని తెచ్చి అడ్మిన్ చెయ్యండి. మెతక మనుషులొద్దు. నిబంధనల పట్టిక రాయొద్దు. రాసిన రోజే దాని సందుల్లో దూరేవాడు తయారవుతాడు.

గెంటెయ్యకుండా జవాబివ్వడం మనకు కొత్తేం కాదు. పులివెందుల తాలూకా పైడిపాలెంలో పుట్టిన విమర్శకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి 1968లో కడప నుంచి 'సంవేదన' పత్రిక తెచ్చినాడు. పత్రిక ఆయన చేతిలోది. నచ్చని పుస్తకం ఊసే ఎత్తకుండా ఉంటే సరిపోయేది. ఆయన ఆ పుస్తకాన్ని ముందరేసుకొని, లోపం ఎక్కడుందో చూపించి మరీ విమర్శించినాడు. ఎంత పదునుగా ఉన్నా అది జవాబే, గెంటివేత కాదు. మన జిల్లా గాలిలోనే ఈ అలవాటు ఉంది.

కేసుల భయం ఉంటుంది, నాకూ ఉంది. 2020లో విశాఖ గ్యాస్ లీకు మీద ఫేస్‌బుక్‌లో ప్రశ్నలు పంచుకున్నందుకు గుంటూరులో ఒక పెద్దావిడకు సీఐడీ నోటీసు ఇచ్చింది. ప్రభుత్వం మారినాక, 2024 నవంబరులో పోస్టుల మీద రాష్ట్రమంతా అరెస్టులు జరిగినాయి, పులివెందుల దాకా వచ్చినాయి. అయితే సభ్యుడు రాసినదానికి అడ్మిన్ అయినంత మాత్రాన నేరస్థుడు కాడని 2021లో బొంబాయి హైకోర్టు, 2022లో కేరళ హైకోర్టు చెప్పినాయి. భయంతో ముందుగానే ఊరి నోరు మూయించే పని మీరు నెత్తినేసుకోవద్దు. ఎవరైనా చంపుతానని రాస్తే చెరపకుండా స్టేషన్‌కు చూపించండి, అది సాక్ష్యం. ఆడపిల్ల ఫొటో గానీ, నంబరు గానీ పెడితే మాత్రం ఆలోచించకుండా చెరపండి. నా కత్తెర తీసేది ఆ ఒక్కదానికే.

ఇంకో పని. ఇంతకుముందు తీసేసినవాళ్ల పేర్లు గుర్తుతెచ్చుకోండి, ఒక్కొక్కరి ఇంటికీ పోయి పిలవండి. నేను తీసేసిన ఒకాయన రెండేళ్లు నాతో మాట్లాడలేదు. మొన్న దసరాకు ముందు పోయి అడిగితే 'సరే, కలుపు' అన్నాడు, అంతే. చేరిన తొమ్మిదో రోజు రాత్రి ప్రొద్దుటూరు అమ్మవారిశాలలో దసరా అలంకారం ఫొటో ఒకటి పెట్టినాడు. గంటసేపు ఎవరూ పలకలేదు. కింద నేను దండం బొమ్మ పెట్టినా. తర్వాత పులివెందుల నుంచి ఎవరో అడిగినారు, 'ఊరేగింపు ఎన్ని గంటలకన్నా?' అని.