బరువు తగ్గుటకు ప్రేరణ పొందు విధానము

బరువు తగ్గడంలో తిండి తగ్గించడం, నడవడం చివరి దశ పనులు. చాలామందికి అక్కడిదాకా వెళ్లే అవసరమే రాదు. దానికి ముందు ప్రేరణ దొరకాలి. అది దొరక్కుండా చెప్పులు వేసుకుని వీధిలోకి వెళ్లడం తొందరపాటు. ఆ ప్రేరణను వెతికే పద్ధతులు ఇవి.

మొదటిది ముహూర్తం. డైటింగ్ ఎప్పుడూ సోమవారమే మొదలవ్వాలి. బుధవారం బుద్ధి పుట్టినవారు ఆదివారం రాత్రి వరకు మామూలుకన్నా కాస్త ఎక్కువే తిని ఓపిక పట్టాలి. దీనికి శాస్త్రం అండ కూడా ఉంది: వారం మొదలు, నెల మొదలు, పుట్టినరోజు వంటి తేదీల తర్వాత జనం వ్యాయామశాలల వైపు ఎక్కువగా మళ్లుతారని 2014లో అమెరికా పరిశోధకులు చూపించారు. వారు చెప్పింది మొదలుపెట్టడం గురించి. ఆ తర్వాతి సంగతి వేరు.

సోమవారాలు అచ్చిరానివారు పంచాంగం చూడాలి. సంక్రాంతి అరిసెలు, సకినాలు డబ్బాలో ఉండగా కడుపు మాడ్చుకుంటే, రెండు రోజులు పొయ్యి దగ్గర కూర్చున్న అమ్మ మొహం చూడలేరు. డబ్బా అడుగంటేసరికి మాఘమాసం పెళ్లిళ్లు. ఆ వెనకే ఉగాది బొబ్బట్లు. తర్వాత బంగినపల్లి మామిడి, కొత్తావకాయ. కొత్తావకాయ కలిపిన మొదటిరోజు అన్నాన్ని కొలిచి తిన్నవారు తెలుగునాట ఇంకా పుట్టలేదు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కదా అనుకుంటే తెలంగాణలో బోనాలు. శ్రావణానికి పూర్ణాలు, చవితికి ఉండ్రాళ్లు, దసరా, దీపావళి, ఆఫీసులో పంచిన మిఠాయి డబ్బాలు. కార్తీకం ఉపవాసాల నెల గనక ఆశ పుడుతుంది. నక్షత్రం కనబడ్డాక చేసే భోజనం, ఆదివారం వనభోజనాల పులిహోర ఆ ఆశ తీర్చేస్తాయి. ధనుర్మాసంలో తెల్లవారుజామునే గుడిలో చక్కెర పొంగలి. అది అయ్యేలోపు మళ్లీ అరిసెల పాకం వాసన.

నిజానికి పండగల మీద వేసే ఈ నింద అన్యాయం. ఏడాది మొత్తంలో పండగ రోజులు ఎన్ని? నడుము పెంచేవి రెండు పండగల మధ్య రోజులే: రాత్రి తొమ్మిదిన్నరకు టీవీ ముందు కంచం నిండా అన్నం, చక్కెర వేసిన టీలు, పారేస్తే పాపమని పిల్లల పళ్లెంలోంచి తల్లి నోట్లోకి వెళ్లే నాలుగు ముద్దలు. ఆ ముద్దల్ని ఏ తల్లీ భోజనంలో లెక్కవేసుకోదు.

రెండవది గురువు. తెలుగువారికి ఇందులో కొరత లేదు. మంతెన సత్యనారాయణరాజు ఉప్పు, నూనె మానేయమన్నారు. వీరమాచనేని రామకృష్ణ అన్నం మాని కొవ్వు తినమన్నారు. కొన్నేళ్ల తేడాతో ఇద్దరినీ అంతే భక్తితో నమ్మిన వంటిళ్లు ఉన్నాయి. పిండిపదార్థం బాగా తగ్గించే ఏ పద్ధతిలోనైనా మొదటి వారం అంకె గబగబా దిగుతుంది. ఒంట్లో నిల్వ ఉన్న గ్లైకోజెన్ ఖర్చవుతూ, గ్రాముకు సుమారు 3 గ్రాముల నీటిని వెంట తీసుకుపోతుంది. ఆ నీళ్లు పోయినందుకు కలిగే ఉత్సాహం పట్టుమని నెల నిలవదు.

మూడవది ప్రకటన. బంధువుల వాట్సాప్ గ్రూపులో నిర్ణయం చెప్పేయాలి. అభినందనలు రాగానే సగం తగ్గినట్టే ఉంటుంది.

నాలుగవది బరువు యంత్రం. పొద్దున్నే, కాఫీకి ముందు, వాచీ తీసేసి ఎక్కాలి. అంకె నచ్చకపోతే యంత్రాన్ని పక్క టైలు మీదికి జరిపి మళ్లీ ఎక్కాలి. అక్కడా నచ్చకపోతే సెల్లు అయిపోయిందని నిర్ధారించి మంచం కిందికి తోసేయాలి.

ఐదవది పదివేల అడుగులు. ఈ అంకె 1965 ప్రాంతంలో జపానులో అమ్మిన అడుగుల మీటరుతో ప్రచారంలోకి వచ్చింది. రాత్రి పదకొండింటికి సోఫా చుట్టూ తిరుగుతూ మిగతా ఎనిమిది వందలు పూర్తిచేసేవారికి ఆ చరిత్ర చెప్పి లాభం లేదు. పొద్దున నడిచేవారికి ఇంకో సౌకర్యం ఉంది: ముప్పావు గంట నడకకు ఖర్చయ్యేది సుమారు 200 కేలరీలు, తిరుగుదారిలో ఒక నెయ్యి దోసె ఆ అప్పు వడ్డీతో తీర్చేస్తుంది.

ఇన్ని చేసినా బరువు తిరిగొస్తే అది పూర్తిగా సంకల్పబలం లోపం కాదు. అమెరికాలో బరువు తగ్గే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. ఎక్కువమందికి బరువు చాలావరకు తిరిగొచ్చింది. విశ్రాంతిలో వారి ఒళ్లు ఖర్చుచేసే శక్తి మాత్రం ఉండాల్సినదానికన్నా రోజుకు సగటున దాదాపు 500 కేలరీలు తక్కువగానే ఉండిపోయింది. బరువు తగ్గించడానికి కొత్తగా వచ్చిన సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్లదీ ఇదే దారి: మందు ఆపిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు వెనక్కి వచ్చినట్టు ఒక పెద్ద అధ్యయనం తేల్చింది.

పెళ్లి ఫొటో కోసం పుట్టిన ప్రేరణకు పెళ్లితోనే కాలం చెల్లుతుంది. ఎక్కువకాలం నిలిచేవి చెప్పుకోవడానికి బాగోని కారణాలు: మెట్లెక్కితే పట్టేసే మోకాలు, తండ్రికి నలభై ఐదేళ్లకే వచ్చిన షుగరు. వాటికి ముహూర్తం అక్కర్లేదు, లక్ష్యమూ చిన్నదే. షుగరు అంచున ఉన్నవారు బరువులో 7 శాతం తగ్గి వారానికి 150 నిమిషాలు నడవాలన్న లక్ష్యంతో పనిచేస్తే, షుగరు వచ్చే అవకాశం 58 శాతం తగ్గిందని 2002 నాటి అమెరికా అధ్యయనం తేల్చింది. 80 కిలోల మనిషికి ఆ 7 శాతం సుమారు అయిదున్నర కిలోలు.

చివరిగా, ఇన్సులిన్ గానీ షుగరు మాత్రలు గానీ వాడుతున్నవారు డాక్టరును అడక్కుండా భోజనాలు మానేయవద్దు. చక్కెర ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఈ సలహా మాత్రం ఉన్నదున్నట్టుగానే తీసుకోవాలి.