చెవిలో మిషన్, చెవిలో పువ్వు

వినికిడి మిషన్ ఎందుకండీ? వినడానికి. మనవరాలి కబుర్లు, కుక్కర్ విజిల్, వెనకనుంచి దూసుకొచ్చే ఆటో హారన్ వినపడితే చాలదా? చాలదట. ఇంత సాదా జవాబుకు ఎవరూ లక్ష రూపాయలు తీయరని కాబోలు, ఈ మధ్య మిషన్‌కు ఇంకో ఉద్యోగం కూడా అప్పగించారు: మతిమరుపు రాకుండా మెదడుకు కాపలా కాయడం. అమెరికాలో మొదలైన ఈ మాట ఇప్పుడు మన దగ్గరా వినిపిస్తోంది. సారం ఒక్కటే. ఈరోజు మీ నాన్నగారికి మీ మాట వినపడటం లేదు, ఇప్పుడే మిషన్ పెట్టించకపోతే రేపు మీరెవరో కూడా గుర్తుండదు. కొడుకు గుండె గుభేలుమంటుంది. పర్సు దానంతటదే తెరుచుకుంటుంది.

రుజువులు లేవా అంటే, బోలెడు ఉన్నాయి. దగ్గరికి వెళ్లి చూస్తేనే ముచ్చటగా ఉంటాయి.

2011లో జాన్స్ హాప్కిన్స్ వైద్యుడు ఫ్రాంక్ లిన్, ఆయన సహచరులు బాల్టిమోర్‌లో ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చిన 639 మంది లెక్క తీశారు. వినికిడి కొద్దిగా తగ్గినవాళ్లకు డిమెన్షియా ముప్పు దాదాపు రెండింతలు, మధ్యస్థంగా తగ్గితే మూడింతలు, బాగా తగ్గితే ఐదింతలు కనిపించింది. ఆ ‘ఐదింతలు’ అప్పట్నుంచి ఎక్కని విమానం లేదు, దిగని దేశం లేదు. ఇంతకీ ఆ 639 మందిలో వినికిడి బాగా తగ్గినవాళ్లు ఎంతమంది? ఆరుగురు. మన షేర్ ఆటో ఎక్కిస్తే ఇంకో ఇద్దరికి చోటు మిగులుతుంది. లిన్ ఈ సంగతి దాచలేదు, పట్టికలోనే ఉంది. కానీ ప్రకటనలు రాసేవాళ్లకు పట్టికలు చదివే తీరిక ఎక్కడిది?

పోనీ, రెండూ కలిసి కనిపిస్తున్నాయనే ఒప్పుకుందాం. వయసు మీద పడితే చెవీ తగ్గుతుంది, మతీ తగ్గుతుంది. బీపీ, షుగరు రక్తనాళాలను తినేస్తుంటే రెండింటికీ దెబ్బే. ఒకటి రెండోదానికి కారణమని తేల్చడానికి ఇది చాలదు. పైగా మతిని కొలిచే పరీక్షలు చాలావరకు నోటితోనే జరుగుతాయి. డాక్టరు కొన్ని మాటలు చెప్పి, కాసేపాగి మళ్లీ చెప్పమంటాడు. మొదట చెప్పినప్పుడే సగం వినపడని పెద్దాయన ఏం అప్పజెబుతాడు? తప్పు చెవిది, మార్కులు పోయేది మెదడుకు. జాగ్రత్తగల పరిశోధకులు దీనికి సవరణలు చేస్తారు, నిజమే. జాగ్రత్త లేనివాళ్లు వ్యాసాలు అచ్చేస్తారు.

లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల బృందం, ఏయే ముప్పుల్ని తొలగిస్తే డిమెన్షియా కేసులు ఎంత తగ్గవచ్చో అంచనా వేస్తూ వస్తోంది. అందులో వినికిడి లోపం వాటా 2017లో 9 శాతం, 2020లో 8, 2024లో 7. దిగుతున్న ఆ అంకె సంగతి పక్కన పెట్టండి. వినికిడి లోపమే కారణమైతే, దాన్ని పూర్తిగా లేకుండా చేయగలిగితే అన్నవి ఆ లెక్కకు పునాదులు. పునాదిలో ఉన్న రెండు ‘తే’లూ హోర్డింగు ఎక్కేసరికి రాలిపోతాయి.

ఇవన్నీ అంచనాలే కదా, అసలు పరీక్ష పెట్టి చూద్దామని అమెరికాలో ఒక మంచి ప్రయత్నమే జరిగింది. పేరు అచీవ్. 70 నుంచి 84 ఏళ్ల వయసున్న, వినికిడి తగ్గిన 977 మందిని తీసుకుని, చీటీలు వేసినట్టు రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి మిషన్లు, ఆడియాలజిస్టుల సేవ. రెండో భాగానికి ఆరోగ్యంగా ముసలివాళ్లు కావడమెలాగో పాఠాలు. మూడేళ్లు ఆగి మతి పరీక్షల మార్కులు చూశారు. ఫలితం 2023 జూలైలో లాన్సెట్‌లో వచ్చింది. పాఠాలు విన్నవాళ్ల మార్కులు 0.202 తగ్గాయి. మిషన్లు పెట్టుకున్నవాళ్లవి 0.200. తేడా ఎంతో మీరే తీసివేయండి, కాలిక్యులేటర్ అక్కర్లేదు.

ఇక్కడితో కథ కంచికి వెళ్లాలి. కానీ ఆ 977 మందిలో 238 మంది వేరే జాబితాలోంచి వచ్చారు. గుండె, రక్తనాళాల జబ్బుల మీద ఎప్పట్నుంచో నడుస్తున్న ఒక అధ్యయనంలో ఉన్నవాళ్లు. మిగతా వాళ్లకన్నా వయసు ఎక్కువ, జబ్బులూ ఎక్కువ, మతి తగ్గే వేగమూ ఎక్కువ. వీళ్లను విడిగా తీసి చూస్తే మిషన్ పెట్టుకున్నవాళ్లలో తగ్గుదల 48 శాతం నెమ్మదించింది. అంతే, ప్రపంచమంతా 48, 48 అని మోగిపోయింది. మిగతా 739 మంది ఏమయ్యారు? వాళ్లకు ప్రయోజనమేమీ కనిపించలేదు కాబట్టి ఫొటోలో లేరు. మన కార్పొరేట్ కాలేజీ ర్యాంకుల ప్రకటనలో ఫస్టు ర్యాంకు కుర్రాడి మొహం పేజీ నిండా ఉండి, తప్పిన వేలమంది ఎక్కడా కనపడకపోవడం ఎరుగుదుం కదా, అదే పద్ధతి.

న్యాయంగా చెప్పాలి. ఆ 238 మందిని విడిగా చూస్తామని పరిశోధకులు ముందే రాసుకున్నారు, ఫలితం వచ్చాక గాలం వేసి పట్టింది కాదు. ముప్పు ఎక్కువున్నవాళ్లకు మిషన్ సాయపడుతుందేమోనన్న ఆశకు అది మంచి ఆధారమే, ఇంకో పరీక్ష పెట్టడానికి సరిపోయేంత ఆధారం. అయితే వాళ్లు కొలిచింది మార్కులు తగ్గే వేగం. అది ప్రచారంలోకి వచ్చేసరికి ‘డిమెన్షియా ముప్పు సగానికి సగం’ అయి కూర్చుంది. అసలు ప్రశ్నకు వచ్చిన ‘తేడా లేదు’ అన్న జవాబును కింద చిన్నక్షరాల్లోకి నెట్టేశారు, అదీ ఉంటే.

అదే ఏడాది ఇంకో ముచ్చట. చైనాలోని షాన్‌డాంగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బ్రిటన్‌లో సేకరించిన నాలుగు లక్షల ముప్పై ఏడు వేలమందికి పైగా జనం వివరాలు తిరగేశారు. వినికిడి తగ్గి మిషన్ పెట్టుకోనివాళ్లకు డిమెన్షియా ముప్పు 42 శాతం ఎక్కువనీ, పెట్టుకున్నవాళ్లకు మామూలు వాళ్లతో సమానమనీ ఏప్రిల్‌లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో ప్రకటించారు. పత్రికలు ఎత్తుకున్నాయి, వార్తా ఛానెళ్లు ఎత్తుకున్నాయి. తర్వాత ఇతర పరిశోధకులు ఆ లెక్కను తామూ చేసి చూడబోతే అది తేలలేదు. ఎందుకంటే కంప్యూటర్ కోడ్‌లో పొరపాటు పడి మిషన్ పెట్టుకున్నవాళ్ల గడిలోకి పెట్టుకోనివాళ్లు, పెట్టుకోనివాళ్ల గడిలోకి పెట్టుకున్నవాళ్లు వెళ్లిపోయారు! డిసెంబరులో వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. వార్తను మోసిన గొంతుల్లో ఎన్ని ఈ వెనక్కి తీసుకోవడాన్ని అంతే గట్టిగా చెప్పాయో మీరే వెతుక్కోండి. నన్నడిగితే అసలు వింత కోడ్ కాదు. తలకిందులైన ఫలితాన్ని వెనక్కి తీసుకోవడానికి ఎనిమిది నెలలు పట్టిందంటే, జనం ఆ జవాబు కోసం ముందే కాచుకు కూర్చున్నారన్నమాట.

ఇలాంటి పెద్ద లెక్కల్లో ఇంకో చిక్కుంది. మిషన్ ఎవరు కొనుక్కుంటారు? డబ్బున్నవాళ్లు, చదువుకున్నవాళ్లు, డాక్టరు దగ్గరికి వెళ్లే ఓపికా తీసుకెళ్లే పిల్లలూ ఉన్నవాళ్లు. వాళ్ల మతి కాస్త ఎక్కువకాలం నిలిస్తే పుణ్యం మిషన్‌దా, పెన్షన్‌దా?

ఈ భయం అమ్మకంలో నష్టపోయేది పెద్దవాళ్లే. వినపడదని ఒప్పుకోవడానికే మొహమాటపడే మనిషి, చెవి సంగతి బయటపెడితే మతి పోయిందన్న ముద్ర కూడా పడుతుందని తెలిస్తే ఇంకా దాస్తాడు. అడిగిందానికి నవ్వి తలూపుతాడు. అమెరికాలో ఈ రంగంలో ఉన్నవాళ్లలోనే కొందరు, ఈ ప్రచారం తీరు మార్చుకోవాలని రాశారు కూడా. మన దగ్గరైతే మిషన్ కంటే ముందు చెవిలో గుబిలి తీయించాల్సినవాళ్లూ ఉంటారు. దానికయ్యే ఖర్చు చిన్నది, అందుకే దానికి హోర్డింగు ఉండదు.

విచిత్రమేమిటంటే, అదే అచీవ్ పరీక్షలో మిషన్లకు నిజమైన మేలు కనిపించింది. పెట్టుకున్నవాళ్లకు ఎదుటివాళ్ల మాట అందుకోవడం సులువైంది. మూడేళ్లలో తమ పరిచయాల్లోంచి జారిపోకుండా సగటున ఇంకొక్క మనిషిని ఎక్కువ నిలుపుకున్నారు. మాట్లాడుకోవడానికి ఒక మనిషి మిగలడం! ముసలితనంలో దీనికి విలువ కట్టగల మొనగాడెవడు? కానీ దీన్ని పెట్టి అమ్మడానికి ఎవరికీ మనసు రాలేదు. భయం లేని సరుకు కదా.

కాబట్టి మీ అమ్మగారికో నాన్నగారికో వినపడకపోతే చూపించండి, అవసరమైతే మిషన్ కొనండి, వినడానికే కొనండి. కౌంటర్ వెనక టై కట్టుకున్న అబ్బాయి 48 శాతం అని మొదలుపెడితే, దేంట్లో 48, ఎంతమందిలో, మిగతా 739 మంది సంగతేమిటి అని అడిగి చూడండి. ఆ ప్రశ్న అతనికి సరిగ్గా వినపడకపోవచ్చు. బల్ల మీద డెమో మిషన్లు ఎలాగూ ఉంటాయి, ఒకటి తీసి అతని చెవిలో పెట్టి మళ్లీ అడగండి.